చెవిటి కొర్ర

పోయినవారం మీటింగు హాల్లో బావగారు లేచి ఒకే ఒక్క ప్రశ్న అడిగి కూర్చున్నారు. ఆ ప్రశ్నకి మన పొట్టక్క ముఖం పాలిపోయింది, పెద్దసారు కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, అప్పటిదాకా కునుకు తీస్తున్న కమిటీ సభ్యులు కళ్ళు తెరిచారు. పోయినవారం సంచికని పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదని బాధపడేవాళ్ళు చాలామంది ఉంటారని నాకు తెలుసు. వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేసి ముందుకి వెళ్ళిపోతాను.

పొట్టక్క పంటల పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ఆ పేరు సగం ఆమె ఎత్తుని బట్టి వచ్చింది, సగం ఆమె పెంచే కొర్ర ఎత్తుని బట్టి వచ్చింది. మామూలు కొర్ర మనిషి ఛాతీ దాకా పెరుగుతుంది. గింజ గట్టిపడి కంకి బరువెక్కే రోజుల్లో గాలి కాస్త గట్టిగా వీచిందంటే చేను చేనంతా చాపలా పడిపోతుంది, రైతు కష్టం బురదపాలవుతుంది. పొట్టక్క తీసిన కొర్ర మోకాలు దాటగానే ఆగిపోయి, కంకిని మోస్తూ నిటారుగా నిలబడుతుంది. "సాగు, సాగు" అని మొక్కకి చెప్పే హార్మోను ఒకటుంది. ఆ మాట వినే జన్యువుని ఆమె కొంచెం మార్చింది. అంతే, మొక్క పొడుగు ధ్యాస మానేసి గింజ ధ్యాసలో పడింది.

ఈ ఏడాది, పెద్దసారు నడిపే ఆ సంస్థ ప్రయోగ చేనులో ఒక్క కొత్త రకానికే చోటుంది. ఆ చేను దక్కితే పొట్టక్క కొర్ర రైతుల దాకా వెళ్ళే దారిలో పడుతుంది. దక్కకపోతే ఇన్నేళ్ళ విత్తనం చలిగదిలో నిద్రపోతుంది, ఆమె ఉద్యోగం ఈ ఏడాదితో సరి. పోటీలో ఉన్న రెండో రకం ఎవరిదో కాదు, అదే సంస్థలో పనిచేసే బావగారిది, అంటే ఆమె భర్తకి స్వయానా అన్నగారిది. ఇంట్లో ఒకే బల్ల దగ్గర భోంచేసేవాళ్ళు సంస్థలో ఒకే చేను కోసం పోటీ పడుతున్నారన్నమాట.

ఇక బావగారు అడిగిన ప్రశ్న ఇది: "ఈ మొక్కలు పెరిగిన మట్టి ఎక్కడిది?"

మట్టి అత్తగారి నర్సరీది. అత్తగారు పూలకుండీలు పెంచి అమ్ముతారు. కుండీలో మొక్క గుబురుగా, పొట్టిగా ఉండడానికి నర్సరీలవాళ్ళు ఒక మందు పోస్తారు, ఆవిడా పోస్తారు. ఆ మందు పని మొక్కలో పొడుగు హార్మోను తయారవకుండా ఆపడమే. అంటే బావగారి ప్రశ్నకి అర్థమేమిటి? పొట్టక్క కొర్ర పొట్టిగా ఉన్నది జన్యువు వల్ల కాదు, అత్తగారి మందు వల్ల అని. కమిటీ పొట్టక్కకి కొద్ది వారాల గడువిచ్చి లేచింది.

సరే, ఇప్పుడు అసలు కథలోకి.

మీటింగు హాల్లోంచి బయటపడ్డ పొట్టక్క ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా బస్సెక్కి నర్సరీకి వెళ్ళింది. బస్ డిపో వెనక సందులో రేకుల షెడ్డు, దాని ముందు ఆకుపచ్చ వల కట్టిన పందిరి, పందిరి కింద వరసలు వరసలుగా చామంతి కుండీలు. అత్తగారు రబ్బరు బూట్లేసుకుని, నడుముకి గోనెగుడ్డ కట్టుకుని, మట్టి జల్లిస్తున్నారు.

"అత్తయ్యా, ఒక మాట అడుగుతాను. కోప్పడకూడదు."

"కోప్పడకూడదన్నావంటే అది కోపం వచ్చే మాటే. అడుగు."

"నాకు పంపించిన మట్టి ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి? మనదే. అమ్ముడుపోని చామంతి కుండీలు బోర్లించి, మట్టి ఆరబెట్టి, రెండుసార్లు జల్లించి పంపించాను. కొత్త మట్టయితే గడ్డలు గడ్డలుగా ఉంటుంది. వాడిన మట్టి పిండిలా ఉంటుంది. కోడలి మొక్కలు కదా అని మంచిది ఏరి మరీ ఇచ్చాను."

"ఆ చామంతులకి పొట్టి మందు పోశారా?"

"పొయ్యకపోతే అవి షెడ్డు కప్పుకి తగులుతాయి. పోశాను. చామంతులకి పోశాను గానీ నీ కొర్రకి పొయ్యలేదే!"

"అత్తయ్యా, ఆ మందు మట్టిలోంచి అంత తేలిగ్గా పోదు. మొక్క పోయినా మందు ఉంటుంది. మీరు జల్లించినా ఉంటుంది."

అత్తగారి చేతిలో జల్లెడ ఆగిపోయింది. ఆవిడ పక్కనున్న కుండీని బోర్లించి దాని మీద కూర్చున్నారు. "అయితే నీ నోట్లో మట్టి కొట్టింది నేనేనా?" అన్నారు. ఎప్పుడూ పదిమందికి వినబడేలా మాట్లాడే మనిషి గొంతు ఆ మాటకి చిన్నదైపోయింది.

తప్పు ఆవిడ ఒక్కరిదేనా? పొట్టక్కది లేదూ? బయటి దుకాణంలో కొన్న మట్టయితే నాలుగు పరీక్షలు చేసి గానీ కుండీలో పొయ్యదు. ఇంటి నుంచి వచ్చిన మట్టికి పరీక్షేమిటని ఊరుకుంది. పోల్చి చూడ్డానికి పెట్టిన పాత పొడుగు రకాన్ని సంస్థ మట్టిలో వేసింది, తన కొర్రని అత్తగారి మట్టిలో వేసింది. రెండింటికీ ఒకే మట్టి వేసి ఉంటే మొదట్లోనే తేడా పట్టుకునేది. ఇంటివాళ్ళని నమ్మడం మంచిదే, కానీ ప్రయోగానికి ఇల్లూ వాకిలీ తెలియవు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర స్కూటరు ఆగింది. బావగారు దిగారు. అత్తగారికి పోయిన గొంతు ఒక్క దెబ్బతో తిరిగొచ్చింది.

"రా నాయనా రా! కన్నతల్లి మట్టిని సభకి ఎక్కించిన పుత్రరత్నమా, రా! ఒరేయ్ పెద్దోడా, ఆ ముక్క ఇంట్లో అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"ఇంటి మట్టి కాబట్టే అందరి ముందూ అడిగానమ్మా. రేపు బయటివాడెవడో అడిగితే దొంగతనంగా దాచామంటారు."

"మాటలు బాగానే నేర్చావు. ఆ చేను నీకే రావాలని అడిగావా, నిజం కోసం అడిగావా? నా కళ్ళలోకి చూసి చెప్పు."

బావగారు తల్లి కళ్ళలోకి చూడలేదు. చామంతుల వైపు చూస్తూ నిలబడ్డారు. పొట్టక్కకి కోపం తన్నుకొచ్చింది, కానీ కోపం కన్నా ముందు ఒక ఆలోచన వచ్చింది. అలాంటప్పుడు ఆమె కాళ్ళు ఒకచోట నిలవవు. రెండు వరసల కుండీల మధ్య అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.

"బావగారూ, మీరనేది నా మొక్కలు మందు వల్ల పొట్టిగా ఉన్నాయని. నేననేది జన్యువు వల్ల అని. తేల్చేద్దాం."

"ఎలా? మంచి మట్టిలో వేసి చూపిస్తావా? మీ గదిలో ట్రేలకీ, కుండీలకీ, నీళ్ళ గొట్టాలకీ అన్నిటికీ ఆ మందు అంటుకునే ఉంటుంది. నువ్వు మంచి మట్టన్నా కమిటీ నమ్మదు."

"మంచి మట్టి నాకొద్దు. ఈ మట్టిలోనే వేస్తాను."

అత్తగారు తల పైకెత్తారు. "పిచ్చెక్కిందా పిల్లా?"

"వినండత్తయ్యా. మొక్కలో ఒకరు 'సాగు' అని పిలుస్తారు, ఇంకొకరు ఆ పిలుపు వింటారు. మీ మందేమో పిలిచేవాడి నోరు నొక్కుతుంది. చెవులు మాత్రం బాగానే ఉంటాయి. నా కొర్రలో నోరు బాగానే ఉంది, నేను మార్చింది చెవిని. దానికి చెవుడు. ఇప్పుడు బయటి నుంచి మనమే గట్టిగా అరిచామనుకోండి, అంటే ఆ హార్మోనుని సీసాలోంచి తీసి పైన చల్లామనుకోండి, నోరు నొక్కిన మొక్క విని లేచి సాగుతుంది. చెవిటి మొక్క..."

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!" అన్నారు అత్తగారు, కుండీ మీంచి లేచి నిలబడి.

"అదే! సరిగ్గా అదే!"

బావగారి కళ్ళల్లో ఏదో కదిలింది. ఆయన తెలివైన మనిషి, సగంలోనే మొత్తం అర్థమైపోయింది. "పాత పొడుగు రకం, నీ పొట్టి రకం, రెండూ అమ్మ మట్టిలోనే. రెండిటి మీదా హార్మోను," అని తనలో తను గొణుక్కున్నారు.

"చల్లేది మీరే. నా చెయ్యి పడితే నమ్మరు కదా. నా మొక్కలు వేలెడు సాగినా నేనే తప్పుకుంటాను. చేను మీది."

పోటీలో గెలుపు వాకిట్లోకి వచ్చి నిలబడితే ఎవరికైనా ముఖం వికసిస్తుంది. బావగారి ముఖం మాత్రం ఇంకా ముడుచుకుపోయింది. ఆ సంగతి పొట్టక్క గమనించలేదు. నేను గమనించాను గనక మీకు చెబుతున్నాను.

ఆ తర్వాతి వారాలు ఆ ఇంట్లో ఎలా గడిచాయో చెప్పాలంటే ఇంకో సీరియల్ రాయాలి. పొట్టక్క భర్త గోడమీద పిల్లిలా కాలం వెళ్ళబుచ్చాడు. అన్న దగ్గర అన్న మాట, భార్య దగ్గర భార్య మాట. తల్లి దగ్గరైతే ఏ మాటా లేకుండా భోంచేసి లేచిపోయేవాడు. అత్తగారు మాత్రం పగబట్టినట్టు మట్టి జల్లించి, బస్తా స్వయంగా ఆటోలో వేసుకుని సంస్థకి తీసుకొచ్చారు. గేటు దగ్గర కాపలావాడు ఆపితే, "ఇది మట్టి కాదయ్యా, సాక్ష్యం," అని లోపలికి నడిచారు.

అద్దాల గదిలో కిటికీ వైపు వరసలో పాత పొడుగు రకం, తలుపు వైపు వరసలో పొట్టక్క కొర్ర. మొలకలు వచ్చాయి, ఆకులు వేశాయి. అక్కడ మొదటి దెబ్బ తగిలింది. ఎక్కడైనా ఇట్టే లేచే పాత రకం కూడా అత్తగారి మట్టిలో గిడసబారి, పొట్టక్క మొక్కల పక్కన కవలల్లా నిలబడింది. ఏ కుండీ ఎవరిదో చూపుకి తెలియదు. బావగారి అనుమానం అక్షరాలా నిజం, మట్టిలో మందుంది!

సంస్థలో గుసగుసలకి కొదవా? "పొట్టక్క పనైపోయింది," అన్నారు కొందరు. "అత్తగారు పెట్టిన పొగ," అన్నారు ఇంకొందరు. క్యాంటీన్‌లో ఆమె కూర్చున్న బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగా మిగిలాయి. ఆ రోజుల్లో ఆమెకి నిజంగా భయం వేసింది. తన కొర్ర చెవిటిదని తనకి తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

పెద్దసారు ఎదురుగా బావగారు రెండు వరసల మీదా హార్మోను చల్లారు. ఒక్క ఆకు కూడా తడవకుండా పోలేదు, అంత శ్రద్ధగా చల్లారు. పెద్దసారు తలుపుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు. నీళ్ళు గొట్టాల్లోంచి వాటంతటవే వెళతాయి, మనిషి లోపల అడుగు పెట్టనక్కర్లేదు.

తలుపు తీసే పొద్దున అత్తగారు కూడా వచ్చారు. రావద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

తాళం తిరిగింది. అద్దాల గదిలోంచి వెచ్చటి తడిమట్టి వాసన ముఖానికి కొట్టింది. అద్దాల మీద పట్టిన ఆవిరి వల్ల లోపలంతా మసకగా ఉంది. ఆ మసకలో పొట్టక్కకి ముందు కనబడింది ఎత్తుగా లేచిన ఆకులు. లేత ఆకుపచ్చ రంగులో, సన్నగా, ఒళ్ళు విరుచుకున్నట్టు పైకి సాగిపోయిన ఆకులు. సాగిపోయాయి. అయిపోయింది.

"అటు కాదే పిల్లా, ఇటు చూడు!" అత్తగారు ఆమె భుజం పట్టి గిరుక్కున తిప్పారు. "అవి కిటికీ వైపువి!"

తలుపు వైపు వరస అలాగే ఉంది. పొట్టిగా, ముదురు ఆకుపచ్చగా, బిరుసుగా, ఎవరేం చెప్పినా వినేది లేదన్నట్టు మొండిగా నిలబడి ఉంది. బావగారు చల్లిన హార్మోనంతా చెవిటివాడి ముందు శంఖమే అయింది. పెద్దసారు స్కేలు తీసి ఒక్కో మొక్కనీ కొలిచారు. కొలిచిన కొద్దీ ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఒక్కటీ సాగలేదు.

పొట్టక్క నవ్వింది, ఏడ్చింది, రెండూ కలిపి చేసింది. అత్తగారి రెండు చేతులూ పట్టుకుని ఆ ఇరుకు సందులో గిరగిరా తిరిగింది. కుండీలు తగిలి పడతాయేమోనని అత్తగారు అరుస్తూనే తనూ తిరిగారు.

"మందు నిజం, జన్యువు కూడా నిజం," అన్నారు పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "మందు ఉన్నా లేకపోయినా నీ కొర్ర పొట్టిదే. ఇంత గట్టి పరీక్ష పెట్టించుకున్న రకం నా సర్వీసులో ఇంకోటి లేదమ్మా. చేను నీది. కమిటీతో నేను మాట్లాడతాను. పద, జీపు తీయిస్తాను, చేను చూసి హద్దులు వేయిద్దాం." ఆయన హుషారుగా బయటికి వెళ్ళిపోయారు.

ఇక అత్తగారి వంతు. చీర కొంగు నడుముకి బిగించి పెద్దకొడుకు వైపు తిరిగారు. "ఏరా? ఇప్పుడేమంటావు? నీ మరదలికి క్షమాపణ ఇక్కడే చెబుతావా, క్యాంటీన్‌లో అందరి ముందూ చెబుతావా?"

బావగారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన ముఖంలో ఓడిపోయిన ఏడుపు లేదు. అంతకన్నా పెద్దదేదో ఉంది.

"చెబుతానమ్మా. ముందు ఇద్దరూ నాతో రండి."

వరండా చివర ఆయన గది. లోపలి దీపాల వెలుతురు బయటికి పడకుండా నల్లటి పరదా వేలాడుతోంది. ఆయన పరదా పక్కకి లాగారు.

రెండు వరసల కొర్ర. అన్నీ బావగారి రకమే. ముందు వరస మోకాలెత్తున చక్కగా నిలబడి ఉంది. వెనక వరస ఛాతీ ఎత్తు దాటిపోయి, ప్రతి మొక్కా ఒక కర్రకి దారంతో కట్టి ఉంది. కట్టకపోతే నిలబడలేవని చూస్తేనే తెలుస్తోంది.

"ఇవి మీటింగుకి చాలా ముందు విత్తినవి. వెనక వరస మీద హార్మోను చల్లాను," అన్నారు బావగారు. "నీకన్నా ముందే చల్లాను అమ్మాయ్."

అత్తగారికి ముందు అర్థమైంది. చేత్తో నోరు మూసుకున్నారు. "నీక్కూడా... నీక్కూడా అదే మట్టి ఇచ్చానుగా! కొడుక్కొకటి, కోడలికొకటీనా అని, ఒకే జల్లెడ పట్టి ఇద్దరికీ సమానంగా పంచాను."

"అవునమ్మా. సమానంగానే పంచావు. అమ్మాయి రకం నిజంగానే పొట్టిది. నా రకం పొట్టిది కాదు, నీ మందు పొట్టిది చేసింది."

పొట్టక్క ముందు వరసనీ, వెనక వరసనీ, బావగారినీ మార్చి మార్చి చూసింది. చూస్తున్న కొద్దీ చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే ఆ రోజు మీటింగులో మీరు అడిగింది నా మొక్కల గురించి కాదు!"

"నీ గురించీ, నా గురించీ. నావి అని నోరు తెరవలేకపోయాను. నీవి అని అడిగితే పరీక్ష ఎలాగూ జరుగుతుంది, నిజం బయటికొస్తుందనుకున్నాను."

"నా చేత పుట్టలో చెయ్యి పెట్టించారు బావగారూ! పాముంటే నన్ను కరిచేది! ఇన్ని వారాలు నా పక్కన ఎవరూ కూర్చోలేదు తెలుసా? అత్తయ్య నిద్ర మానేసి మట్టి జల్లించారు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను. పిరికితనం. దానికి వేరే పేరు లేదు."

ఇంత సూటిగా ఒప్పుకునేవాళ్ళతో పోట్లాడటం చాలా కష్టం. పొట్టక్క ఇంకా పది మాటలు అనాలనుకుంది. కానీ శాస్త్రవేత్తలకి ఒక జబ్బుంటుంది, ఎంత కోపంలో ఉన్నా కళ్ళు ఊరుకోవు. ఆమె కళ్ళు వెళ్ళి కంకుల మీద పడ్డాయి. పడ్డాక తిరిగి రాలేదు.

మామూలు కొర్ర కంకి ఉడుత తోకంత ఉంటుంది. ఇవి నక్క తోకల్లా ఉన్నాయి. ఆమె ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. బరువు! గింజ మీద గింజ, సందు లేకుండా కిక్కిరిసి ఉంది. ముందు వరసలోది పట్టుకుంది, వెనక వరసలోది పట్టుకుంది. మొక్క పొట్టిదైనా పొడుగుదైనా కంకి మాత్రం ఒక్కలాగే ఉంది.

"ఇది మందు చేసిన పని కాదు," అంది. గొంతు మారిపోయింది.

"కాదు. గింజల మొగ్గలు ఎన్ని కట్టాలో చెప్పే హార్మోను వేరే. మొక్క దాన్ని తనే విరిచేసుకుంటూ ఉంటుంది. ఆ విరిచే జన్యువుని నేను మందగింపజేశాను. కంకి నిజం అమ్మాయ్. కాళ్ళే అబద్ధం."

"బావగారూ!" పొట్టక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇంతకుముందు తిట్టిన తిట్లన్నీ మర్చిపోయింది. "మీ కంకికి కాళ్ళు లేవు. నా కాళ్ళ మీద ఇంత కంకి లేదు. రెండిటినీ కలిపితే? నా చెవిటి జన్యువు, మీ గింజల జన్యువు, ఒకే మొక్కలో! మోకాలెత్తు మొక్క మీద నక్క తోకంత కంకి! ఎంత గాలొచ్చినా పడిపోని పంట!"

బావగారి ముఖంలో మొదటిసారి వెలుగొచ్చింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఏ మొక్కని తల్లి చెయ్యాలి, ఏ మొక్క పుప్పొడి తేవాలి, ఎన్ని తరాలకి స్థిరపడుతుంది, చేనులో ఏ మూల వెయ్యాలి. ఒకరి మాట ఇంకొకరు లాక్కుంటున్నారు. అత్తగారు ఇద్దరినీ చూసి నుదురు కొట్టుకున్నారు.

"కన్న కొడుకులకి పెళ్ళిళ్ళు చేసేసరికే నా నడుం విరిగింది. ఇప్పుడు మీ మొక్కలకి కూడా నేనే చెయ్యాలా?" అన్నారు. అన్నారే గానీ ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. ఎన్నో వారాల తర్వాత ఆ ముగ్గురూ కలిసి నవ్వారు.

"ఇప్పుడే పెద్దసారుకి చెబుదాం!" అంది పొట్టక్క. "నా చేనులో సగం మీ రకానికి ఇస్తాను. మీ విత్తనం బయటికి తియ్యండి, ఎంతుంది?"

బావగారి నవ్వు ఆగిపోయింది.

"గుప్పెడుంది."

"గుప్పెడేమిటి? పోయిన పంటకి అద్దాల గదిలో, అత్తయ్య మట్టి పోసిన మళ్ళలో పండించి బస్తాలు నింపారు కదా. నేనే చూశాను."

"బస్తాలు లేవు."

"ఏమయ్యాయి?"

ఆయన కర్రకి కట్టిన మొక్క దగ్గరికెళ్ళి, జారిన దారాన్ని మళ్ళీ బిగించారు.

"వేరే సంస్థకి పరీక్ష కోసమని అడిగితే ఇచ్చాను. నిజమే అనుకున్నాను. మీటింగుకి కొన్నాళ్ళ ముందు ఎవరో రైతు ఫోన్ చేసి, ఇంత కంకి మా తాతలు కూడా చూడలేదు సార్ అని దండం పెట్టాడు. నాకేమీ అర్థం కాలేదు. పరిగెత్తుకెళ్ళి చూశాను. ఒక చేను కాదు అమ్మాయ్, రోడ్డుకి రెండు వైపులా కనుచూపుమేర నా కొర్రే. ప్రయోగ చేనులో ఒక్క పంట కూడా చూడని రకం, రైతులు మొత్తం పొలాలకి వేసేశారు. ఇక్కడ మోకాలెత్తు. అక్కడ నా భుజం దాటింది. అప్పుడే నాకు మట్టి మీద అనుమానం వచ్చింది."

"అక్కడ మందు లేదు," అంది పొట్టక్క నెమ్మదిగా.

"లేదు. కర్రలూ లేవు, దారాలూ లేవు. ఈపాటికి గింజ గట్టిపడి కంకులు వంగుతూ ఉంటాయి. ఒక్క గాలివాన చాలు."

అత్తగారి కళ్ళలోంచి ఇందాకటి మెరుపు పోయింది. "పొట్టి రకం అనే నమ్మి వేసుకుని ఉంటారురా వాళ్ళు. నా మట్టిలో పెరిగిన మొక్కల్ని చూసి నమ్మి ఉంటారు." కొడుకు దగ్గరికి వెళ్ళి అడిగారు. "బస్తాలు నీ దగ్గర అడిగి తీసుకున్నదెవరు?"

బావగారు వరండా వైపు చూశారు. అటు నుంచి బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"ఏమ్మా, ఎక్కడున్నావు?" పెద్దసారు గొంతు హుషారుగా వినబడింది. "జీపు సిద్ధంగా ఉంది. నీ చేను చూసుకోవడానికి రావా?"

బావగారు కళ్ళతోనే అటు చూపించి, గొంతు బాగా తగ్గించి అన్నారు.

"ఆయనే."